పూలకూ పెదవులున్నాయ్!

ఇంటర్ బైపీసీ పిల్లల్ని హడలెత్తించే మాట... 'ద్వి ఓష్ఠాకారం'. పలకాలంటే నోరు తిరగదుగానీ అర్థం మాత్రం చాలా తేలిక. ఓష్ఠమంటే పెదవి. రెండు పెదవుల్లా విచ్చుకునే పువ్వు అన్నమాట. లాటిన్‌లో పెదవిని 'లేబియం' అంటారు. 1789లో ఫ్రెంచి శాస్త్రవేత్త జుస్యూ తన గ్రంథంలో ఇలాంటి పూలమొక్కల కుటుంబాన్ని 'లేబియేటి'గా పేర్కొన్నాడు. ఇప్పుడు ఎక్కువగా లామియేసి అంటున్నారు. తులసి, పుదీనా, మరువం... అన్నీ ఈ ఇంటివే.

పుస్తకంలో బొమ్మ చూసి అర్థంకాకపోతే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఏ చేను గట్టుకో వెళ్తే చాలు, తుమ్మి మొక్క కనిపిస్తుంది. దాని తెల్లటి పువ్వును దగ్గరగా చూడండి. నూగుతో ఉన్న చిన్న పై పెదవి, గొడుగులా కేసరాలను కాస్తుంది. వెడల్పాటి కింది పెదవి తేనెటీగ వాలేందుకు అరుగు. తేనె కోసం అది లోపలికి తల దూర్చగానే పుప్పొడి ఒంటికి అంటుకుని మరో పువ్వుకు చేరుతుంది. విత్తనం కట్టేది అలాగే.

గట్టుమీద కలుపని తుమ్మిని పీకేస్తే... తేనెటీగకు ఆ అరుగూ లేనట్టే!