ఉక్కుకు నార కట్టు

2025 ఫిబ్రవరి 17వ తేదీ తెల్లవారుజామున 5 గంటల 36 నిమిషాలకు ఢిల్లీ నగరం ఉలిక్కిపడి లేచింది. భూకంప తీవ్రత 4 మాత్రమే. కాని కేంద్రం నగరం నడిబొడ్డున, ధౌలాకువాలో, నేలకు 5 కిలోమీటర్ల లోతున ఉన్నది. అందుచేత కుదుపుతోపాటు ఉరుము వంటి మోత కూడ వినవచ్చింది. ఆ చోటికి గుర్తుగా పత్రికలు పేర్కొన్నది దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరిట వెలసిన కళాశాలను. రాజమండ్రి ఆడపడుచు పేరు ఆ ఉదయం అలా వార్తల కెక్కింది.

అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరాన, ఐ.ఐ.టి.కి చేరువలో బేర్ సరాయ్ ఉన్నది. పేరుకు పల్లె, ఉన్నవి ఇరుకు సందులు, ఒకదాని నొకటి ఒరుసుకొని నిలిచిన మేడలు, పోటీ పరీక్షల పుస్తకాల దుకాణాలు. ఇంజనీరింగు సర్వీసు పరీక్షకు చదివే యువకులు, వారిలో మన తెలుగువారూ, ఇక్కడ కొనే గ్రంథాలలో ఉక్కు నిర్మాణాల పాఠం తప్పక ఉంటుంది. 2002 నాటి భూకంప పటం ఢిల్లీని నాలుగవ మండలంలో చేర్చింది. కనుక ఆ పాఠం వారికి పరీక్షతో తీరిపోయేది కాదు.

ఉక్కు కట్టడం భూకంపానికి చెక్కు చెదరదని చాలాకాలం నమ్మకం ఉండేది. 1994 జనవరి 17న లాస్ ఏంజెలిస్ శివారున నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చింది. ఉక్కు భవనాలు పైకి నిక్షేపంగా నిలిచే ఉన్నాయి. తరువాత పైపూతలు ఒలిచి చూడగా దూలమూ స్తంభమూ కలిసే చోట వెల్డింగు అతుకులు పగిలి కనిపించాయి. సరిగా ఏడాదికి, 1995 జనవరి 17న, జపానులోని కోబేలో కొన్ని ఉక్కు కట్టడాలు కూలిపోయాయి కూడ. ఉక్కులో బలం తక్కువై కాదు. అతుకు పగులుతుంది, పలుచని గోడ గల గొట్టమో, పెట్టె వంటి స్తంభమో అయితే మొదలు దగ్గర ఉబ్బి, సొట్టపడి, ఆకారం కోల్పోతుంది.

భూకంపం రాకపోయినా ఎడతెగని కంపనం మరొక విధంగా తినివేస్తుంది. బండి దాటిన ప్రతిసారీ వంతెన దూలం రవ్వంత వంగి లేస్తుంది. లక్షలసార్లు అలా జరిగితే రివెట్టు రంధ్రం అంచున వెంట్రుకవాసి పగులు పుడుతుంది. 1900లో పూర్తయిన గోదావరి హేవ్‌లాక్ వంతెనకు 1997లో రైళ్ళ నుండి విశ్రాంతి దొరికింది. ఆ తొంభై యేడుల వంగి లేవడాలను లెక్కపెట్టగలవారెవరు? ఇంజనీర్లు దీనిని లోహపు అలసట అంటారు. అనువాదకుడికి ఇటువంటి మాట అరుదుగా దొరుకుతుంది. ఏ భాషలోకి తెచ్చినా దాని అర్థం చెడదు.

పాత చికిత్స ఇనుప పలకను బోల్టులతోనో వెల్డింగుతోనో అతకడం. పలక బరువు, బోల్టుకు కొత్త రంధ్రం, వెల్డింగుకు నిప్పు. అన్ని చోట్లా నిప్పు పనికిరాదు. పూర్వం బండిచక్రపు కొయ్యకు ఇనుప పట్టా బిగించేవారు; ఇప్పుడు ఇనుముకే నార పట్టీ చుడుతున్నారు. వెంట్రుకలో పదవ వంతు మందం గల కార్బన్ తంతువులను ఎపాక్సీ జిగురుతో అతికిస్తారు. బరువు ఉక్కులో అయిదవ వంతు. లాగుడుకు తట్టుకొనే శక్తి ఉక్కుకంటె కొన్ని రెట్లు. ఇంగ్లండులో న్యూపోర్ట్ పాగ్నెల్ వద్ద 1810లో కట్టిన పోత ఇనుప టిక్‌ఫర్డ్ వంతెనను 1999లో ఈ పద్ధతినే బలపరిచారు.

కాంక్రీటు స్తంభానికి చవుకైన గాజునార చాలు. ఉక్కు విషయం వేరు. గాజునార బిగువు ఉక్కులో మూడవ వంతే. భారం పంచుకోవాలంటే ఉక్కుకు దీటైన బిగువు గల కార్బన్ నారే కావాలి. గొట్టం మొదలున చుట్టిన కట్టు ఉబ్బును అణచిపెడుతుంది. పగులుకు ఇరువైపులా వేసిన పట్టీ దాని నోరు తెరుచుకోనీయదు. నార్త్‌రిడ్జ్‌లో పగిలిన వంటి అతుకులకు మాత్రం ఇది మందు కాదు. అక్కడ అతుకునే బాగుచేయాలి. ఏ రోగానికైనా ఇదే మందని అమ్మేవారిని నమ్మకపోవడం మంచిది.

అసలు చిక్కంతా జిగురులో ఉన్నది. తుప్పును ఇసుకపోటుతో పూర్తిగా రాల్చి, మళ్ళీ తుప్పు పట్టకముందే గంటల వ్యవధిలో పూత వేయాలి. మామూలు ఎపాక్సీ 60 డిగ్రీల ప్రాంతాన మెత్తబడడం మొదలవుతుంది. జ్యేష్ఠమాసపు ఢిల్లీ ఎండలో ఇనుప దూలం ఆ వేడికి చేరగలదు. పైగా తడి తగిలితే కార్బనూ ఉక్కూ కలిసి బ్యాటరీ వలె పనిచేసి ఉక్కునే తుప్పు పట్టిస్తాయి. అందుకని నడుమ పలుచని గాజునార పొర ఒకటి వేస్తారు. ఆ పొర ఖర్చు స్వల్పమే కాని, పైకి కనిపించదు గనుక దానిని ఎగవేయడమూ సులభమే.

పని ముగిసి జిగురు గట్టిపడ్డాక పరీక్షకుడు చిన్న సుత్తితో పట్టీ పొడుగునా తట్టుకుంటూ పోతాడు. కుండను తట్టి కొనే గృహిణి చేసే పనే. మోత గుల్లగా వచ్చిన చోట జిగురు పట్టలేదన్నమాట. అక్కడ సుద్దతో గీత గీస్తాడు; ఆ మేర లోపం సరిచేసేదాకా బిల్లుపై సంతకం పెట్టకూడదు.