మాలకు ముందు మందు

“సురాపానం పంచమహాపాతకాలలో ఒకటి. పాపికి ప్రాయశ్చిత్తమే గాని చికిత్స ఏమిటి? మెడలో మాల పడితే మద్యం దానంతటదే విడిచిపోతుంది.” బీబీపేట వంటి గ్రామాలలో ఆస్తికుల నోట వినవచ్చే పూర్వపక్షమిది. పాపమన్న మాట సత్యమే. చికిత్స అక్కరలేదనడం మాత్రం శాస్త్రం పేరిట జరిగే అన్యాయం.

కఠోపనిషత్తు దేహాన్ని రథంగా, ఇంద్రియాలను అశ్వాలుగా, మనస్సును కళ్ళెంగా, బుద్ధిని సారథిగా నిరూపించింది. నిత్యపానం చెరచేది ఆ సారథినే. తొలినాళ్ళలో మద్యం మెదడు లోతున డోపమైన్ అనే రసాయనాన్ని పొంగించి, ‘ఇది మరల కావాలి’ అనే సంస్కారాన్ని ముద్రిస్తుంది. కాలక్రమేణ సుఖం క్షీణిస్తుంది. తృష్ణ మాత్రం పెరుగుతుంది. నిగ్రహానికి ఆధారమైన నుదుటి వెనుకటి మెదడు భాగం దుర్బలమవుతుంది. అందుచేతనే ఉదయం ఏడుస్తూ ఒట్టు పెట్టినవాడు సాయంకాలం దుకాణం ముందు నిలుస్తాడు. వాని ఒట్టు అబద్ధం కాదు. ఒట్టును నిలిపే అంగమే గాయపడింది.

ఆకస్మిక విరమణ అంతకన్న ప్రమాదకరం. మద్యం మెదడును మందగింపజేస్తుంది గనుక, మెదడు సమత కోసం తన ఉద్రేకాన్ని పెంచుకుంటుంది. ఒక్కనాడు మద్యం ఆగితే ఆ ఉద్రేకం కట్టలు తెంచుకుంటుంది: వణుకు, మూర్ఛ, రెండు మూడు దినాలకు చిత్తభ్రాంతి, కొందరికి మరణం. డయజెపాం, అల్ప్రాజోలం కలిపిన కల్లుకు అలవాటుపడినవారి గతీ ఇంతే. 2015లో కల్తీ కల్లుపై ప్రభుత్వం కఠినచర్యలు చేపట్టినప్పుడు, నాడు బీబీపేట కూడా చేరియున్న నిజామాబాద్ జిల్లాలో, ఆ కల్లు అందక ఎందరో వింతచేష్టలతో, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. వారిది భక్తిలోపమా?

అట్టివానికి 41 దినాల దీక్ష ఇచ్చి, మూడవనాడు వాడు మూర్ఛిల్లితే ‘నియమభంగం, స్వామి ఆగ్రహం’ అనడం భక్తి కాదు, క్రౌర్యం. చరకసంహిత చికిత్సాస్థానంలో మదాత్యయానికి ఒక అధ్యాయమే ఉన్నది. అలవాటైన అహితాన్ని క్రమక్రమంగా విడువవలెనని అదే గ్రంథపు సూత్రస్థానం బోధిస్తుంది. పానపరునికి ఔషధం అనవసరమైతే ఆ మహర్షులు ఇంత శ్రమించేవారా?

“అయితే దోషమంతా మెదడుదే, జీవునికి బాధ్యత లేదా?” అని మరొక ఆక్షేపం. ఉన్నది. మొదటి పాత్ర ఎత్తినది అతడే; వైద్యుని కడకు నడువవలసినదీ అతడే. ఆ నడకకు తోడు నిలువడం ఆలయధర్మం. దేహం కుదుటపడిన పిదప నియమం, సత్సంగం, నామజపం అతనిని మరల జారకుండా కాపాడగలవు. మాల స్థానం అక్కడ.

కనుక గురుస్వాములు, అర్చకులు మాల వేసే ముందు ఒక్క ప్రశ్న అడుగుదురు గాక: “బిడ్డా, ఒక పూట తాగకుంటే చేతులు వణుకుతాయా?” అవునంటే ముందు ప్రభుత్వ ఆసుపత్రి, పిదప సన్నిధానం. ప్రాణం నిలిచిన తరువాతనే గదా ప్రాయశ్చిత్తం!

స్వస్తి.