ఆ ముసుగు ఎందుకంటే...

'కళ్లారా చూశాను' అని సాక్షి చెబితే ఇక తిరుగేముంది అనుకుంటాం. 1984లో అమెరికాలోని నార్త్ కరోలినాలో అత్యాచారానికి గురైన ఓ విద్యార్థిని రొనాల్డ్ కాటన్‌ను మొదట ఫొటోల్లో, తర్వాత వరుసలో నిలబెట్టిన మనుషుల్లో గుర్తుపట్టింది. రెండింటిలోనూ ఉన్నది అతనొక్కడే! పదేళ్లకు పైగా జైల్లో మగ్గాక, 1995లో డీఎన్ఏ పరీక్ష అతను నిర్దోషి అని తేల్చింది. ఆమె అబద్ధమాడలేదు. ఫొటోలో ఎంచుకున్న ముఖమే జ్ఞాపకమైపోయింది.

మన దగ్గర గుర్తింపు పరేడ్‌ను సాధారణంగా మేజిస్ట్రేట్ జరిపిస్తారు. అనుమానితుణ్ని అలాంటి పోలికలే ఉన్న మరికొందరితో కలిపి నిలబెడతారు. అంతకుముందే సాక్షి అతణ్ని టీవీలో చూసేస్తే ఆ పరేడ్‌కు విలువేముంది? 'దొంగకు ముసుగెందుకు?' అని విసుక్కుంటాం గానీ, ఆ గుడ్డ కప్పేది అతని పరువును కాదు. కాపాడేది సాక్షి జ్ఞాపకాన్ని... ఒక్కోసారి ఓ అమాయకుణ్ని!