బూడిదలో పూచిన ఊదా పువ్వు



పూత మీద ఉన్న వేరుశనగ మొక్కను పీకి, దాని వేళ్ళను ఎప్పుడైనా పరీక్షగా చూశారా? ఆవగింజలంత బుడిపెలు అంటుకొని ఉంటాయి. చీడ పట్టిందేమోనని కొందరు భయపడతారు. అది చీడ కాదు. ఒక బుడిపెను గోటితో చీల్చండి. లోపల లేత ఎరుపు కనబడితే మొక్క పని చక్కగా సాగుతున్నదన్నమాట. అటువంటి బుడిపెలే గల ఒక కొండపువ్వును గూర్చి ఈ మాసము వ్రాస్తున్నాము.

అమెరికా దేశములో, వాషింగ్టన్ రాష్ట్రమున సెయింట్ హెలెన్స్ అనే అగ్నిపర్వతము ఉన్నది. 1980 మే 18వ తేదీ, ఆదివారము ఉదయము 8 గంటల 32 నిమిషాలకు భూమి కంపించి, దాని ఉత్తరపు పక్క ఒక్కసారిగా జారిపోయింది. ఆ వెంటనే కొండ బద్దలైంది. 57 మంది మరణించారు. పర్వతము ఎత్తు సుమారు 400 మీటర్లు తగ్గిపోయింది. మహావృక్షాలు కోసి పరచిన గడ్డిలా నేలకొరిగాయి. కొండ దిగువన బూడిద, నీళ్ళ మీద తేలేంత తేలికైన నురుగురాయి మేటలు వేశాయి.

ఆ మేటలో నత్రజని దాదాపు లేదు. నత్రజని లేనిదే మొక్క ఎదగదు. మనము యూరియా చల్లేది అందుకే గదా! అక్కడ చల్లేవారెవరు?

అయినా కొద్ది సంవత్సరాలకే ఆ బూడిద నేలపై పరిశోధకులకు ఒక చిన్న మొక్క కనబడింది. పేరు లూపిన్. చల్లని ఎత్తయిన కొండల మీద పెరిగేది. మన కంది, పెసర, చిక్కుడు కుటుంబమే. జానెడు ఎత్తు, వెండి నూగు గల ఆకులు, ఊదా రంగు పూలగుత్తులు. దాని వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి; మొక్క తన చక్కెరను వాటికి పంచుతుంది.

పని సులువుగా సాగలేదు. గింజలు బరువైనవి గనుక తల్లి మొక్క దగ్గరే రాలాయి. గొంగళిపురుగులు తినివేశాయి. ఒక్కొక్క మొక్క బ్రతికేది కొద్ది ఏండ్లే. కాని చచ్చిన మొక్క కుళ్ళి నేలకు సారమిచ్చింది. గాలికి కొట్టుకొచ్చిన వేరే గింజలు దాని చెంత చిక్కుకొని మొలిచాయి.

జీలుగ, జనుము వేయమంటే, "చేతికి రూపాయి రాని పైరు మాకెందుకండీ?" అని రైతు సోదరులు అడుగుతారు. అప్పుల్లో ఉన్నవారి మాటను మేము తేలికగా తీసుకోము. కౌలు చేసేవారికైతే వచ్చే ఏడు ఆ పొలము తమదో కాదో తెలియదు. అటువంటివారు పెసర వేసి, కాయలు కోసుకొని, మొక్కలను తగలబెట్టక కలియదున్నవచ్చు. ఇంటికి పప్పు, నేలకు ఎరువు.

మనము పిల్లలకు పొలము అప్పగించేనాడు ఎకరాల లెక్క అందరికీ తెలుస్తుంది. నేలలో సారమెంత మిగిలిందో పంట వేసినవారికే తెలుస్తుంది. ఈసారి చేలో వేరుశనగ పూతకు వచ్చినప్పుడు పిల్లలను వెంట తీసుకువెళ్ళి, ఒక్క మొక్క పీకి ఆ బుడిపెలను చూపించండి.