మడభూమి బంజరు గాదు

కాకినాడకు దక్షిణమున, గౌతమీ గోదావరి కడలిలో గలియుచోట కోరంగి మడ అడవి గలదు. 1978లో ప్రభుత్వము 235 చదరపు కిలోమీటర్లకు పైబడిన భాగమును అభయారణ్యముగా ప్రకటించినది. సంతోషమే. కాని ఆ గీతకు వెలుపల, పట్టణపు టంచున పెరుగు మడ మాటయేమి? లెక్కలు వ్రాయువారి దృష్టిలో అది పోరంబోకు. పంట పండదు, పన్ను రాదు, కావున ఎవరికిని అక్కరలేనిది. ఈ యొక్క మాట చేసిన చెరుపు గొడ్డలి చేసిన చెరుపుకంటె నెక్కువయని మా దృఢాభిప్రాయము.

పంట పండదట! టైగరు రొయ్య సముద్రమున గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు పోటుతో కాలువలలో జొచ్చి, మడయాకు క్రుళ్లిన బురదలో మేసి, యెదిగి మరల కడలికి బోవును. పండుగప్ప పిల్లకును మండపీతకును ఇదియే యుయ్యెల. తాళ్లరేవు మత్స్యకారుని గంజి ఈ బురదలోనే కాగుచున్నది. చేపలను వేటాడు నీటిపిల్లికి ఇదియే యిల్లు. ఎదుటనున్న హోప్ ద్వీపపు టిసుకలో ఆలివ్ రిడ్లీ తాబేలు గ్రుడ్లు పెట్టును. ఈ ప్రాణులలో నేదియు సర్వేరాళ్లను చదువనేరదు.

మడను జంపుటకు గొడ్డలియే యక్కరలేదు. నల్లమడ తన వేళ్లను బురదనుండి పైకెత్తి గాలి పీల్చును. వానిపై రెండడుగుల మట్టి పోసినచో చెట్టు ఊపిరాడక చచ్చును. నరికినవాడెవడని విచారించుటకు నేరస్థుడు దొరకడు.

2020లో దుమ్ములపేట యొద్ద పేదల యిండ్ల స్థలములకని మడభూమిని చదును చేయగా, వివాదము జాతీయ హరిత ట్రిబ్యునలు దాక బోయినది. పేదకు ఇల్లు వలదని యెవరందురు? మేమనము. కాని ఒక పేదకు గూడు కట్టుటకై వేరొక పేద కూటిలో మట్టి పోయుట యేపాటి దానము? ధనికుల తోటలకు ఇట్టి యాపద యేల రాదో!

శాసనములతో కాలక్షేపము చేయువారము గనుక చెప్పుచున్నాము: నియమములు లేక కాదు. తీరప్రాంత నియంత్రణ నియమములు 1991 నుండియు గలవు. వేయి చదరపు మీటర్లకు మించిన మడ చుట్టును 50 మీటర్ల యెడము విడువవలయునని 2011 నాటి ప్రకటనలోను, 2019 నాటి దానిలోను గలదు. తీరమందలి రొయ్యల చెరువులను తొలగింపుమని సర్వోన్నత న్యాయస్థానము 1996 డిసెంబరులో తీర్పు చెప్పగా, 2005లో పార్లమెంటు రిజిస్ట్రేషను పేర చెరువులకు దారి తెరచినది. 2023లో దానిని మరింత వెడల్పు చేసినది. సున్నిత ప్రదేశములను మినహాయించితి మందురు. మంచిదే. మడ యంచుననున్న చెరువునుండి విడిచిన మురుగునీరు ఆ మినహాయింపును చదివి వెనుకకు మరలునా?

కాకినాడ, కోనసీమ జిల్లాల కలెక్టర్లు చేయవలసినది గొప్ప కార్యమేమియు గాదు. అభయారణ్యమునకు వెలుపల మడ పెరిగియున్న ప్రభుత్వ భూముల సర్వే నంబర్లను గుర్తించి, పోరంబోకు అను మాట కొట్టివేయించి, రక్షితారణ్యములుగా ప్రకటింప జేయవలయును. ఇది వింత కోరిక గాదు. మహారాష్ట్రలోని ప్రభుత్వ మడభూములను గూర్చి బొంబాయి హైకోర్టు 2005లోనే ఇట్టి యాదేశ మిచ్చినది. ఆ నంబర్ల పట్టిక తెనుగున, తీరమందలి ప్రతి పంచాయతీ గోడమీదను, ప్రతి పఠనమందిరమునందును అంటింపవలయును. అపుడు మట్టిలారీ సముద్రపు టొడ్డున ఆగినచోట నేయూరివాడైనను నంబరెంతయని యడుగగలడు.