స్థలమిచ్చి ఫ్లాట్లు పుచ్చుకొనువారికి

విజయవాడ, గుంటూరు, విశాఖపట్టణము, హైదరాబాదు నగరములలో పాత పెంకుటిండ్లును, వాని పెరళ్లును నానాటికి మాయమగుచున్నవి. తాతలనాటి స్థలము చేత నుండి, బిడ్డలు దూరదేశములలో నున్న గృహస్థుని యింటికి బిల్డరు వచ్చి, "స్థలము మీది, కట్టుబడి మాది, ఫ్లాట్లు చెరిసగము; పిమ్మట అద్దెలతో హాయిగా కూర్చుండవచ్చును" అని చెప్పుచున్నాడు. ఈ బేరమే తప్పని మేమనము. రొక్కము లేని స్థలస్వామికిని, స్థలము లేని బిల్డరునకును ఇది ఉభయతారకమే. కాని సంతకము చేయువారిలో పెక్కురు తాము దేనికి ఒప్పుకొనుచున్నారో యెరుగకున్నారు.

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ సామెత స్వయముగా కట్టించువాని కష్టము చూచి పుట్టినది. పరునకు అప్పగించి వీధియరుగుమీద కూర్చుండువాని కష్టము దానికి తెలియదు.

స్థలమిచ్చినవాడు కేవలము ప్రేక్షకుడనుకొనుట మొదటి భ్రమ. మన పార్లమెంటు 2016లో చేసిన రియల్ ఎస్టేట్ చట్టము ప్రకారము కట్టువాడొకడు, అమ్మువాడొకడు అయినచో ఇరువురును ప్రమోటర్లే. కొనుగోలుదారునకు ఇరువురును బాధ్యులే. తన వాటా ఫ్లాట్లను పరులకు అమ్మదలచిన స్థలస్వామి ఈ మాట మరువరాదు. స్థలము 500 చదరపు మీటర్లకు, అనగా సుమారు 600 గజములకు, మించినను, ఫ్లాట్లు ఎనిమిదింటికి మించినను, రెరాయందు నమోదు లేక ప్రకటించుటయు, బయానా పుచ్చుకొనుటయు నేరము. కొనుగోలుదారులు చెల్లించు సొమ్ములో నూటికి 70 వంతులు ప్రత్యేకపు ఖాతాలో నుంచి, ఆ కట్టడమునకును, స్థలపు ఖరీదునకును మాత్రమే వ్యయపరుపవలెను. ఇంత రక్షణ నిచ్చిన చట్టముండగా, నమోదునకు ముందే తక్కువ ధరకు అమ్మెదమను బిల్డరునకు తలయూపుట మనకు మనము చేసికొను ద్రోహము.

ఒప్పందముతోపాటు బిల్డరు జనరల్ పవరు కూడ వ్రాయించుకొనును. ఆ పవరు అతని వాటాకు మాత్రమే పరిమితము కావలెను. ప్లాను మంజూరు కాగానే యే అంతస్తులో యే నెంబరు ఫ్లాటు ఎవరిదో అనుబంధ ఒప్పందమున వ్రాసి రిజిస్టరు చేయింపవలెను. లేనిచో తూర్పుముఖపు ఫ్లాట్లు అమ్ముడై, లిఫ్టు గోడ ప్రక్కవి స్థలస్వామికి మిగులును. ఇంకొకటి: అతిక్రమణలు జరుగకుండుటకై, చిన్న యిండ్లను విడిచి తక్కిన కట్టడములలో నూటికి 10 వంతుల భాగమును పురపాలక సంఘమునకు తనఖా పెట్టు పద్ధతిని 2012 నాటి ఉమ్మడి రాష్ట్ర నియమములు విధించినవి. ఆ తనఖా బిల్డరు వాటానుండియే పోవలెనని వ్రాయించుకొననివారు, ప్లాను దాటి కట్టినది అతడైనను, చిక్కుకొన్నది తమ ఫ్లాటని పిదప తెలిసికొందురు.

గడువు సంగతి చెప్పనక్కరలేదు. కట్టుచున్నంత కాలము స్థలస్వామి యింటద్దె బిల్డరే ఇచ్చుట వాడుక. గడువు దాటిన నాటినుండి ఆ మొత్తము పెరుగునట్లు వ్రాయించినచో పని దానంతట నడచును.

ఇక అద్దెలు. ఒక ఫ్లాటు విలువ 80 లక్షలు, నెలద్దె 20 వేలు అనుకొందము. ఏట ఒక నెల ఖాళీగా నున్నచో వచ్చునది 2,20,000. ఇంటిపన్ను, సున్నములు, కుళాయిలు, మరమ్మతులు, సంఘపు రుసుము 30 వేలైనచో మిగులునది 1,90,000. అనగా నూటికి సాలుకు రెండున్నర రూపాయలైనను లేదు! ఒక్క ఫ్లాటు అమ్మి బ్యాంకులో వేసిన ఇంతకంటె ఎక్కువ వడ్డీ రావచ్చును. స్థలపు విలువ పెరుగుననుట నిజమే. కాని పెరుగునది నేల, కట్టడము పాతబడును. కావున ఫ్లాట్ల సంఖ్యకై పెనగులాడుటకంటె నేలలో తమకు మిగులు అవిభక్తపు వాటా యెన్ని గజములో చూచుకొనుట మేలు. పత్రములలో ఆ గజములను తక్కువ చేసి వ్రాయుట తరచు జరుగుచున్నది.

పన్నుమాట కూడ నుండనే యున్నది. రిజిస్టరైన ఒప్పందము వ్రాసిన వ్యక్తికి మూలధన లాభపు పన్ను పూర్తి ధ్రువపత్రము వచ్చిన సంవత్సరముననే పడునట్లు 2017లో సవరించిరి. అంతకుముందే తన వాటాను అమ్ముకొన్నవానికి ఆ సౌకర్యము లేదు.

పాత యిల్లు నిలిచియున్నంతవరకే స్థలస్వామి మాటకు బలము. కూల్చిన మరునాడు ఆ బలము బిల్డరుది. ముసాయిదాను పది దినములు ఇంట నుంచుకొని, తాను ఎరిగిన వకీలునకు, బిల్డరు చూపిన వకీలునకు కాదు, చూపించి, పిదపనే తాళములు అప్పగింపవలెను.