గుడియు బడియు

ఇందూరు సీమలో దేవునికి ఇల్లు లేని యూరు లేదు. చదువులతల్లికి సరియైన యిల్లున్న యూళ్లెన్ని యని లెక్కింపబోయిన మాత్రము మనము తడబడుదుము. 2011 జనగణనమునుబట్టి నాటి నిజామాబాదు జిల్లాలో అక్షరాస్యులు నూటికి సుమారు 61 మంది. స్త్రీలలోనైతే సగమునకు కొంచె మెక్కువ. అనగా బీడీలు చుట్టి బిడ్డను బడికి పంపు తల్లులలో ఎందఱో, ఆ బిడ్డ పలకమీది వ్రాత తప్పో యొప్పో చెప్పజాలని స్థితిలో నుండిరన్నమాట. ఈ లెక్కకు సిగ్గుపడవలసినది ప్రభుత్వ మొక్కటియే కాదు. దేవుని పేర చందా లిచ్చి, లెక్క యడుగక యూరకుండు మనమును సిగ్గుపడవలసినదే.

మేము గుళ్లు వలదనుట లేదు. మసీదులు, చర్చీలు వలదనుటయు లేదు. మతసంస్థ తన చుట్టునున్న బిడ్డల చదువును తన ధర్మములో భాగముగా నెంచవలయుననియు, అట్లెంచని సంస్థ ఎంత యెత్తు గోపురము లేపినను ధర్మమున పొట్టిదే యగుననియు మా వాదము.

ఇది పాశ్చాత్యుల మాట యనువారు కొందఱు గలరు. వారికి 1261వ సంవత్సరపు మల్కాపుర శాసన మొక్కటి చాలును. రుద్రమదేవి కాలమున గుంటూరు మండలమందలి విశ్వేశ్వర గోళకీమఠమునకు గ్రామములు దానమిచ్చినపుడు, ఆ యాదాయము దీపధూపములకే పోలేదు. విద్యార్థులకును, అధ్యాపకులకును, ఆరోగ్యశాలకును, ప్రసూతిశాలకును పాళ్లు ఏర్పడెను. అచటి చదువు అందఱికి తలుపు తెఱచిన చదువు కాదు. ఆ లోపమును దిద్దుట మన వంతు. కాని గుడిమాన్యములో బడికి పాలు కలదను సూత్రము మనదే, అరువు తెచ్చుకొన్నది కాదు. దగ్గఱి కాలపు దృష్టాంతము కావలెనన్నచో, తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1945లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర కళాశాలను స్థాపించిరి. హుండీసొమ్ము చదువునకు వినియోగమైనందున వేంకటేశ్వరుని వైభవ మేమియు తగ్గలేదు గదా!

మన సీమలో చదువు ఎన్ని యడ్డంకులు దాటి వచ్చినదో మఱవరాదు. 1917లో నిజాము ప్రభువు ఫర్మానా యిచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఉర్దూలో బోధించునట్లు నెలకొల్పెను. దేశభాషలో ఉన్నతవిద్య నేర్పవచ్చునని నిరూపించిన ఘనత దానిదే. కాని ఇంట తెలుగు మాటాడు బిడ్డకు ఆ దేశభాషయు పరభాషయే యయ్యెను. ఊరివారే స్వయముగా బడి పెట్టుకొందమన్న, సర్కారు అనుమతి కావలెనను నిబంధన 1920ల దశకములో అడ్డు నిలిచెను. అట్టి కాలమున, 1937లో, నిజామాబాదు పట్టణమందు మందుముల నరసింగరావుగారి యధ్యక్షతను ఆఱవ ఆంధ్రమహాసభ జరిగెను. మాతృభాషలో విద్య కావలెనని ఆనాటి పెద్దలు ఎలుగెత్తి చాటిరి. ఇందూరు కోటగుట్టపై రామాలయ మున్నది. ఆ కోటలోనే చెఱసాలయు నుండెను. 1948 ప్రాంతమున అందు బంధితుడైయున్న దాశరథి కృష్ణమాచార్యులు పండ్లు తోముకొను బొగ్గుతో గోడమీద పద్యములు వ్రాసిరి. గోడయే పలకయైన యా యూరిలో నేడు పలక పట్టవలసిన పిల్ల బీడీచేట పట్టుకొనుటకంటె తలవంపు వేఱొకటి కలదా?

మతము మనుష్యసేవకు దిగినపుడు ఏమి చేయగలదో చూడగోరువారు డిచ్‌పల్లికి పోవలయును. ఇసబెల్ కెర్ అను వైద్యురాలును, ఆమె భర్త జార్జి కెర్‌ దొరయు, మెథడిస్టు మిషనువారు, 1915లో అచట కుష్ఠురోగులకు ఆశ్రయము కల్పించిరి. తనవారే ఊరి వెలుపలికి తఱిమినవారిని వారు తాకి, కట్లు కట్టి, మందు లిచ్చిరి. ఇసబెల్ కెర్ 1932లో మరణించువఱకు ఆ సేవ మానలేదు. మిషనువారికి మతప్రచారోద్దేశమును కలదు. దానికి మనము కన్నులు మూసికొన నక్కఱలేదు. కాని ఆ సంస్థకు ధనమిచ్చి నిలిపినవారిలో ముఖ్యులు నిజామాబాదు వాస్తవ్యులైన రాజా నర్సాగౌడుగారు, హిందువులు. రోగి యే దేవునికి మ్రొక్కునని వా రడుగలేదు. ఆ యుదారబుద్ధిని మనము చదువు విషయమున నేల చూపరాదు?

బోధనునకు పోదము. అచట నొకే కట్టడమునకు దేవళ మసీదని పేరు. దేవళమును మసీదును ఆ పేరులో నొకచోట నున్నవి. ఆ రాళ్లు ఎవరివని వాదించుటకు మనకు తీరిక కలదు. 1931లో పూర్తియైన నిజాంసాగరపు నీటితో చెఱకు పండెను. 1937లో శక్కర్‌నగరమున పంచదార కర్మాగారము వెలసెను. అది 2015 డిసెంబరులో మూతపడెను. కూలి పోయిన కుటుంబములో అక్షరము వచ్చిన బిడ్డ వేఱొక బ్రతుకు వెదకికొనును. రాని బిడ్డ గానుగలోనుండి వచ్చిన చెఱకుపిప్పివలె మిగిలిపోవును. ఆ బిడ్డకు రాళ్ల తగవువలన నొరుగున దేమి?

ఇక మన పల్లెలలోని గ్రామాభివృద్ధి కమిటీలను గూర్చి చెప్పక తప్పదు. ఇవి చట్టమువలన పుట్టినవి కావు; ఊరి బలవంతులు కూడి యేర్పఱచుకొన్నవి. మద్యపు దుకాణములకు వేలము వేయుట, జరిమానాలు విధించుట, ఎదురాడిన కులమును వెలివేయుట మున్నగునవి వీరిపై తఱచుగా పత్రికలకెక్కిన యభియోగములు. అట్లు చేరిన సొమ్ముతో గుడి కట్టించి, పుణ్యము కట్టుకొంటి మందురు! త్రాగుబోతు భార్య కన్నీటితో తడిసిన సున్నము ఏ దేవుని గోడకు పట్టును? వెలివేయబడినవాని బిడ్డ అడుగు పెట్టలేని గుడిలో ఏ దేవుడుండును? పదిమందిని కూర్చగల కమిటీకి శక్తి లేదని మే మనము. ఆ శక్తి బడివైపు తిరుగలేదనియే మా బాధ.

"బడి పెట్టుట సర్కారు పని, మాకేల?" యందురు. నిజమే. 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్ల బిడ్డలందఱికి ఉచితవిద్య నిచ్చుచున్నది. ఆ చట్టమే బడి యాజమాన్య కమిటీలో తల్లిదండ్రులకు, అందును తల్లులకు, చోటిచ్చినది. సర్కారుచేత పని చేయించుటకైనను అడుగువా రుండవలయును గదా! ఉత్సవమునకు ఊరంతయు కదలును; బడికమిటీ సమావేశమునకు నలుగురు కదలరు.

కావున చదువరులకు, విశేషించి గృహిణులకు, మా మనవి యిది. చందాపుస్తకము మీ గడపకు వచ్చినపుడు పైస యిచ్చుటకు ముందు మూడు ప్రశ్న లడుగుడు. కడపటి యేటి లెక్క ఊరి గోడమీద అంటించితిరా? అందులో బడికెంత పోయినది? ఆడపిల్లల మఱుగుదొడ్డికి తలుపును, నీళ్లును ఉన్నవా? సరియైన ఉత్తరము రానియెడల, దేవునికి ఈయదలచిన రూపాయి ఒక పేదపిల్ల పుస్తకమునకు ఇండు. దేవుడు అలుగడు. అలిగిన నలుగునది కమిటీ పెద్దలే. వారి యలుకకు వెఱచినంతకాలము మన బిడ్డలు నిశానీలే వేయుచుందురు.